నాలుగో గొంతుకు పందొమ్మిదిన్నర

గురువారం పొద్దున టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. అయిదు రికార్డర్లూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం, ఎనిమిదింటికి ఇంట్లోంచి బయల్దేరడం, రెండో పీరియడులో తొమ్మిదో తరగతి పిల్లల చేత చర్చ చేయించడం, మధ్యాహ్నం బెల్లు కొట్టేలోగా రికార్డర్లన్నీ ఒక కవర్లో పెట్టి పిల్లల కళ్ళ ముందే లక్కతో సీలు వెయ్యడం. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకానికి కారణం ఉంది. ఈ పద్ధతి కనిపెట్టింది ఆవిడే.

పద్ధతి ఇదీ. పిల్లలు ఒక కథ చదివి, నలుగురేసి గుంపులుగా కూర్చుని, దాని గురించి పదిహేను నిమిషాలు మాట్లాడుకోవాలి. ఇదివరకు ఆ మాటలకి మార్కులు టీచరే వేసేది. గట్టిగా అరిచినవాళ్ళకి రెండు మార్కులూ, ముందు బెంచీలో నవ్వుతూ కూర్చున్నవాళ్ళకి ఇంకో రెండూ తనకి తెలియకుండానే ఎక్కువ పడుతున్నాయని ఆవిడకే అనుమానం వచ్చింది. మొహం కనిపిస్తే మార్కు మారిపోతుంది. అందుకని ఈ ఏడాది మొహాలు తీసేసింది. చర్చని రికార్డు చేసి వేరే బడి నుంచి ఒక మాస్టారికి పంపుతారు. ఆయనకి పిల్లల పేర్లు తెలియవు. మొదట్లో రికార్డరు అంకె చెప్పే మాట లెక్కలోకి రాదు; ఆ తర్వాత ముందు నోరు తెరిచినవాళ్ళు మొదటి గొంతు, తర్వాత మాట్లాడినవాళ్ళు రెండో గొంతు, అలా నాలుగు దాకా. ఆయన వినేలోగా టీచరు కూడా ఆ రికార్డింగు వినకూడదు. ఈ చివరి నియమం మీద ఆవిడ మరీ పట్టుబట్టింది.

హెడ్మాస్టరు దీనికి తనవంతుగా ఒక మెరుగు దిద్దాడు. పిల్లలు కథలోని మనుషుల గురించి మాట్లాడితే నీరసంగా ఉంటుంది, ఆ మనుషులే అయిపోయి మాట్లాడాలి అన్నాడు. టీచరు ఒప్పుకుంది. ఆ కథలో చాలా ఏళ్ళుగా ఒక ఇంట్లో ఉంటున్న పెద్దావిడ, ఒకరోజు పెట్టె సర్దుకుని వెళ్ళిపోతానంటుంది. ఇంట్లోవాళ్ళు ఆపాలా, పంపాలా? కథ అక్కడితో ఆగిపోతుంది. పుస్తకంలో ఇరవై రెండు కథలుండగా టీచరు దీన్నే ఎంచుకోవడానికి కారణం, పదిరోజులుగా ఆవిడ ఇంట్లో అదే కథ నడుస్తూ ఉండడం.

టీచరు భర్త బస్సు డిపోలో టైంకీపరు. ఆయన కన్నతల్లి చిన్నప్పుడే పోతే, ఆవిడ అక్క పెంచింది. ఆ పెద్దమ్మ పదమూడేళ్ళ కిందట, వీళ్ళకి కూతురు పుట్టినప్పుడు, పసిపిల్లని చూసి పదిరోజులుండి వెళ్తానని వచ్చింది. ఆ పదిరోజులూ ఇంకా పూర్తి కాలేదని ఇంట్లో అందరూ నవ్వుకునేవాళ్ళు. అలాంటిది, పదిరోజుల కిందట టైంకీపరు కొలత టేపు పట్టుకుని పెద్దమ్మ గదిలోకి వెళ్ళి, ఒక్క మాటైనా చెప్పకుండా గోడ కొలుచుకుని, చిన్న పుస్తకంలో రాసుకుని బయటికి వచ్చాడు. మంచం మీద కూర్చున్న పెద్దమ్మ అదంతా చూసింది. సాయంత్రం దీపం పెట్టే వేళకి, తమ్ముడి దగ్గరికి వెళ్ళి అక్కడే ఉందామనుకుంటున్నాను అంది. ఎవరైనా వెళ్ళమనేలోగా తానే లేవడం ఆవిడకి ఎప్పటినుంచో అలవాటు.

వెళ్తానన్న మనిషిని ఆపడం టైంకీపరు వృత్తిలోనే లేదు. మర్నాడే సీటు చెప్పి వచ్చాడు. పదమూడేళ్ళు కలిసి ఉండి ఇంత తేలిగ్గా ఎలా వెళ్ళగలుగుతోందని టీచరుకి మనసు కష్టమైంది. కష్టమైంది కాబట్టే అడగలేదు. ఎనిమిదో తరగతి చదివే కూతురు మాత్రం రోజూ అడుగుతూనే ఉంది. ఎనిమిదో తరగతి వాళ్ళకి ఆ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పరు.

సరే, గురువారం పొద్దున టీచరు తినే బల్ల దగ్గర కూర్చుని నాలుగో రికార్డరు మీట నొక్కి, "ఒకటి, రెండు, మూడు. ఇది నాలుగో రికార్డరు" అంది. ఎర్ర లైటు వెలిగింది. అప్పుడే టైంకీపరు వచ్చి చేతిలో పేపరు బల్ల మీద పడేసి కుర్చీ లాక్కున్నాడు. రికార్డరు పేపరు కింద ఉండిపోయింది. ఆ తర్వాత జరిగినదంతా అది బుద్ధిగా విన్నది. ఆ పొద్దున ఆ ఇంట్లో అలా విన్నది దాదాపు అదొక్కటే.

"పెద్దమ్మా, శనివారం మూడింటి బస్సు. కిటికీ పక్క సీటు. మూడింటికంటే మూడింటికే."

"కిటికీ పక్కనా? ఆవిడ చెవికి గాలి పడదని మీకు తెలీదా? తెలుసు. తెలిసే తీసుకున్నారు," అంది టీచరు.

"అసలు నానమ్మ ఎందుకు వెళ్ళాలి?" అంది కూతురు.

"వెళ్తానన్నవాళ్ళని ఆపకూడదమ్మా. ఒక బండిని ఆపితే వెనకాల బండ్లన్నీ ఆగిపోతాయి. అన్నీ ఆగిపోతాయి."

"మనింట్లో వెనకాల బండ్లు ఏమున్నాయి నాన్నా?"

పెద్దమ్మ గ్లాసు కింద పెట్టింది. "మీ నాన్న అన్నదీ నిజమేనే. రోజంతా బండ్లు పంపే మనిషి, ఆగిన బండిని చూస్తే ఊపిరాడదు. మీ అమ్మ అన్నదీ నిజమే, గాలి తగిలితే చెవి పోటే. అందుకే మఫ్లరు పెట్టెలో అడుక్కి వెయ్యకుండా పైన పెట్టుకున్నాను. నువ్వడిగినదానికే ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తా. నువ్వు పెద్దదానివి అవుతున్నావు. చదువుకోవడానికి నీకంటూ ఒక గది ఉండాలి. మొన్న మీ నాన్న గోడ కూడా కొలిచాడు కదా. ఆరడుగుల రెండంగుళాలు."

"మూడంగుళాలు," అన్నాడు టైంకీపరు.

గోడ ఎందుకు కొలిచాడో చెప్పవలసిన చోట అంగుళం సరిదిద్దే మనిషి ఈయనొక్కడే అయి ఉంటాడు. ఆ గది తనకి వద్దనీ, వంటింట్లో కూర్చుని చదువుకుంటాననీ కూతురు అంది. వంటింట్లో చదువుతావా అని అడిగి, చదవవు అని టీచరే తేల్చేసింది. మూడింటికి బస్సంటే రెండూ నలభై అయిదుకి అక్కడుండాలని టైంకీపరు ఇంకో రెండుసార్లు చెప్పాడు. పెద్దమ్మ ఒక్కొక్కరి మాటా అందుకుని, దానికి తగిన జవాబు చెప్తూ, మధ్యలో ఎవరి ముందు ఏది లేదో చూసి జరుపుతూ ఉంది. అలా మాట మీద మాట పడుతూనే ఎనిమిది అయిపోయింది. టీచరు ఉలిక్కిపడి లేచి, పేపరు కింద రికార్డరు తీసి, మిగిలిన నాలుగింటితో పాటు సంచిలో వేసుకుని పరుగెత్తింది. అది సంచిలో కూడా కాసేపు తిరిగి, గంటకి సరిపడా జాగా నిండిపోగానే దానంతటదే ఆగిపోయింది.

రెండో పీరియడులో అయిదు గుంపులు అయిదు మూలల్లో కూర్చున్నాయి. టీచరు తన నియమం ప్రకారం గుమ్మం బయట నిలబడింది. నాలుగో గుంపులో ఒకబ్బాయి, ఒక పొడుగాటి అమ్మాయి, ఒక పొట్టి అమ్మాయి, గుసగుస ఉన్నారు. గుసగుస అంటే బడిలో ఆ పిల్లకి పెట్టిన పేరు. వడ్రంగి కూతురు. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల గొంతు బెంచీ దాటి పక్క బెంచీకి చేరలేదు. అబ్బాయి మీట నొక్కగానే లైటు వెలగలేదని ఆ పిల్ల చూసింది. వెలగలేదని చెప్పింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పింది. మిగిలిన ముగ్గురూ అప్పటికే ఆటల పోటీల్లో రిలే పరుగుకి చివర ఎవరు పరుగెత్తాలి అన్న విషయంలో తలమునకలై ఉన్నారు. కథలోని పెద్దావిడ ఊసు వాళ్ళు ఎత్తనేలేదు. పదిహేను నిమిషాలు దివ్యంగా గడిచాయి. కవరుకి సీలు పడింది.

కవరు అందుకున్న మాస్టారిని ఆ చుట్టుపక్కల బళ్ళలో అందరూ అరమార్కు మాస్టారు అంటారు. ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎవరికీ పూర్తి మార్కులు వెయ్యలేదు. తప్పు లేకపోతే ఇంకా కనపడలేదని అర మార్కు తగ్గించేవారు. అయితే ఎందుకు తగ్గించారో ప్రతిసారీ రాసి ఇచ్చేవారు, అందుకని ఆయన మీద కోపం ఎవరికీ రెండు రోజులకి మించి నిలిచేది కాదు. ఆయన ఆ సాయంత్రమే వాకిట్లో కుర్చీ వేసుకుని వినడం మొదలుపెట్టారు. మొదటి మూడు గుంపులు విన్నాక లేచి మంచినీళ్ళు తాగి వచ్చారు. నాలుగో గుంపు విన్నాక మాత్రం లేవలేదు. మళ్ళీ మొదటినుంచీ విన్నారు.

పిల్లలు ఇంత బాగా పాత్రల్లోకి దిగిపోవడం ఆయన ఎన్నడూ ఎరగరు. మొదటి గొంతు బొంగురుగా, మధ్యవయసు వాడిదిలా ఉండడం ఆయనకి వింతగా అనిపించలేదు. తొమ్మిదో తరగతి గొంతులతో ఆయనకి చాలా పరిచయం ఉంది, పొద్దున కీచుమన్నది సాయంత్రానికి బొంగురుపోతుంది. గోడ కొలత సంగతి కోసం కథని రెండుసార్లు తిరగేశారు. కనపడలేదు. పిల్లలు కల్పించుకున్నారని తేల్చుకుని, కల్పన బాగుందని పక్కన గుర్తు పెట్టుకున్నారు. పదిహేను నిమిషాలవగానే నియమం ప్రకారం మీట నొక్కి ఆపేశారు. ఇంకో అరగంట వింటే సంచి చప్పుడూ, రోడ్డు చప్పుడూ వినపడి ఉండేవి. కానీ మాస్టారు నియమం తప్పే మనిషి కారు.

శుక్రవారం మధ్యాహ్నానికి మార్కుల కాగితం బడికి చేరింది. నాలుగో గుంపు దగ్గర ఇలా ఉంది. మొదటి గొంతుకి ఇరవైకి రెండు: ఒకే మాట రెండుసార్లు చెప్పి రెండు వాదనలు చేశాననుకుంటున్నాడు, అడిగిన ప్రశ్న వినడు, టైము మాత్రం తప్పకుండా చెప్పాడు, ఆ రెండు మార్కులూ అందుకే. రెండో గొంతుకి తొమ్మిదిన్నర: ప్రశ్న వేసి జవాబు కూడా తనే చెప్పేసుకుంటుంది, పిల్లల్లో ఇది అరుదుగా కనపడే లోపం, టీచరుగారు దగ్గర కూర్చోబెట్టుకుని మాన్పించాలి. మూడో గొంతుకి పధ్నాలుగు: అసలు ప్రశ్న వేసింది ఈమె ఒక్కతే. నాలుగో గొంతుకి పందొమ్మిదిన్నర: ప్రతి ఒక్కరి మాటా విని, అందుకుని, ఆధారంతో జవాబు చెప్పింది, చర్చలో నేను ఇంతవరకూ ఇన్ని మార్కులు ఎవరికీ వెయ్యలేదు.

రెండో గొంతు ఎవరో గాని ఆ అలవాటు తప్పకుండా మాన్పించాలని టీచరు అనుకుంది. ఎవరై ఉంటారు? ఆ పొడుగాటి పిల్లే అయి ఉంటుంది, అని కూడా అనుకుంది.

హెడ్మాస్టరు మాత్రం కుర్చీలో నిలవలేకపోయాడు. అరమార్కు మాస్టారి చేతిలోంచి పందొమ్మిదిన్నర రావడమంటే బడికి కొత్త భవనం వచ్చినంత. నాలుగో గుంపుని గదిలోకి పిలిపించి, నాలుగో గొంతు ఎవరిదని అడిగాడు. రిలే పరుగు గురించి మాట్లాడిన ముగ్గురికీ తాము ఏం మాట్లాడారో బాగా గుర్తుంది. ఆ మాటలకి పందొమ్మిదిన్నర వచ్చిందంటే ఎక్కడో ఏదో తేడా ఉందనీ, ఈ సమయంలో నోరు మూసుకోవడమే క్షేమమనీ వాళ్ళకి తోచింది. ముగ్గురూ కలిసి నాలుగో మనిషి వైపు చూశారు. గుసగుస నోరు తెరిచి తను కాదని చెప్పబోయింది. ఆ గొంతు బల్ల అవతలికి చేరేలోగా హెడ్మాస్టరు, ఇంత ప్రతిభ ఉండి ఇంత వినయం ఏమిటమ్మా అని తల నిమిరాడు.

అక్కడినుంచి బండి ఆగలేదు. శనివారం ఒంటిగంటన్నరకి ఎలాగూ తల్లిదండ్రుల సమావేశం ఉంది, అందులో ఈ రికార్డింగు హాలంతా వినిపించాలని నిర్ణయమైంది. రికార్డర్లు ఇంకా అరమార్కు మాస్టారి దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆయన్నే పిలిచి, మధ్యమధ్య ఆపి వివరించమన్నారు. పక్క బళ్ళ హెడ్మాస్టర్లు ఇద్దరికి కబురు వెళ్ళింది. బహుమతికి కప్పు కావాలంటే ఆటల బీరువాలో ఒకటి దొరికింది. దాని మీద లాంగ్ జంప్ అని చెక్కి ఉంది, కానీ వెనక్కి తిప్పి పట్టుకుంటే కనపడదు. వడ్రంగికి ఫోను చేసి, మీ అమ్మాయి గొంతు బడికే గర్వకారణం అని చెప్పారు. ఇంట్లో మంచినీళ్ళు కావాలంటే గోడ మీద కొట్టే పిల్ల అది. ఆయన రంపం పక్కన పెట్టి, సరిగ్గా విన్నానా అని భార్యని కూడా వినమన్నాడు.

శనివారం హాలు నిండింది. వడ్రంగి జుట్టులో చెక్కపొట్టుతోనే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. కూతురు అదే బడిలో చదువుతోంది కాబట్టి టైంకీపరు కూడా రావలసి వచ్చింది. సంతకం పెట్టి, అక్కడినుంచి అలాగే డిపోకి వెళ్ళిపోవచ్చని పెద్దమ్మనీ, ఆవిడ పెట్టెనీ వెంట తెచ్చాడు. పెట్టె హాలు గుమ్మం పక్కన పెట్టారు. పదమూడేళ్ళు ఉన్న మనిషి పెట్టె అంత చిన్నదేమిటా అని వచ్చేపోయేవాళ్ళెవరికీ అనిపించలేదు. టీచరుకి అనిపించింది. ఆవిడ దాన్ని చూడకుండా ఉండేందుకు వేదిక పక్కన నిలబడి వైర్లు సరిచూస్తున్నట్టు నటించింది.

హెడ్మాస్టరు మాట్లాడాక అరమార్కు మాస్టారు మీట నొక్కారు.

"ఒకటి, రెండు, మూడు. ఇది నాలుగో రికార్డరు," అంది టీచరు గొంతు స్పీకర్లోంచి. అందులో వింతేమీ లేదు. ఆ తర్వాత, "పెద్దమ్మా, శనివారం మూడింటి బస్సు," అని వినపడేసరికి టీచరుకి చేతిలో వైరు ఎందుకు పట్టుకుందో తెలియలేదు. లాగేద్దామనుకుంది. అది పంకా వైరు. గాలి ఆగింది గాని గొంతులు ఆగలేదు. హెడ్మాస్టరు కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు.

మాస్టారు అక్కడ ఆపి, మొదటి గొంతు గురించి వివరించారు. మాట చెప్పడం వేరు, మాట్లాడుకోవడం వేరు అన్నారు. ఈ అబ్బాయి బస్సు టైము చెప్తున్నాడు గాని మనిషితో మాట్లాడటం లేదు అన్నారు. తల్లిదండ్రులు తలలూపారు. వెనక వరసలో ఒకావిడ, ఏ తల్లి కన్నదో గాని మొండిఘటం అంది. పక్కాయన, పెద్దయ్యాక పెళ్ళాం ఎలా వేగుతుందో అన్నాడు. వాళ్ళ ముందు వరసలోనే కూర్చున్న టైంకీపరు వెనక్కి తిరిగి, అలా ఏం లేదండీ, టైము చెప్పడం తప్పు కాదు కదా అన్నాడు. ఆ గొంతు విని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రికార్డింగు సాగింది. కిటికీ గాలీ, వెనకాల బండ్లూ అయ్యాయి. హాలంతా నవ్వింది. రెండో గొంతు తన ప్రశ్నకి తానే జవాబు చెప్పుకున్న ప్రతిసారీ మాస్టారు వేలెత్తి చూపించారు, ప్రతిసారీ టీచరు తల ఇంకొంచెం కిందికి దిగింది. పెద్దమ్మ మాత్రం కదలకుండా కూర్చుంది. ఇంతమంది ఒకేసారి తన మాట వినడం ఆవిడకి అదే మొదలు. తర్వాత గోడ కొలత వచ్చింది.

"ఆరడుగుల రెండంగుళాలు," అంది నాలుగో గొంతు.

"మూడంగుళాలు," అంది మొదటి గొంతు.

వడ్రంగి లేచి నిలబడ్డాడు. "ఒక్క నిమిషం ఆపండయ్యా. ఆ కొలత నాది."

మాస్టారు ఆపారు. ఇది మా అమ్మాయి గొంతు కాదని నాకు మొదట్నుంచీ తెలుస్తూనే ఉంది, కాని పెద్దలు చెప్తుంటే కాదంటే బావుండదని ఊరుకున్నాను అన్నాడు వడ్రంగి. ఆరడుగుల మూడంగుళాల గోడకి బీరువా చెయ్యమని చెప్పిన మనిషి అడుగో, అక్కడ కూర్చున్నాడు అన్నాడు. మొదటి గొంతు కూడా ఆయనదే, వారంరోజులుగా పొద్దునా సాయంత్రం ఫోను చేసి ఎప్పటికవుతుంది, ఎప్పటికవుతుంది అని రెండేసిసార్లు అడుగుతున్నాడు, ఆ గొంతు నిద్రలో విన్నా గుర్తుపడతాను అన్నాడు.

హాలు ఒక్కసారిగా తేనెతుట్టె అయిపోయింది. పక్క బడి హెడ్మాస్టర్లు ఇద్దరూ ఎంతో సానుభూతిగా మొహాలు పెట్టుకున్నారు. ఈ బడి హెడ్మాస్టరుకి చెమటలు పట్టాయి. పంకా కూడా తిరగడం లేదు. ఆయన టీచరు వైపు తిరిగి, ఇంట్లోవాళ్ళ చేత చెప్పించి పిల్లల పేరున పంపారా మేడం అని అందరికీ వినపడేలా అడిగాడు. టీచరు నోరు తెరిచింది. ప్రశ్న వేరేవాళ్ళది అయ్యేసరికి ఆవిడకి జవాబు దొరకలేదు.

"లైటు వెలగలేదు సార్."

ఆ మాట ఎవరిదో ఎవరికీ తెలియలేదు. హాలు వెనక గోడకి తగిలి తిరిగి వచ్చేంత గట్టిగా వినపడింది. గుసగుస లేచి నిలబడి ఉంది. "టీచరు ఏమీ చెయ్యలేదు. మా రికార్డరు లైటు వెలగలేదు. మూడుసార్లు చెప్పాను, ఎవరూ వినలేదు. మేము కథ గురించి మాట్లాడనే లేదు, రిలే గురించి మాట్లాడాం. అది కూడా వాళ్ళు ముగ్గురే." ఇంత చెప్పి ఆ పిల్ల కూర్చుంది. వడ్రంగి భార్య మొగుడి చెయ్యి పట్టుకుని, మన పిల్లే, మన పిల్లే అంది.

టీచరుకి అప్పుడు పేపరు గుర్తొచ్చింది, పేపరు కింద రికార్డరు గుర్తొచ్చింది. జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కల్లో చెప్పింది. చెప్పడం అయ్యాక, దాదాపు ఎవరికీ వినపడనంత మెల్లగా, ఆ రెండో గొంతు నాదేనండీ అంది.

ఇక మార్కులన్నీ కొట్టేద్దామని హెడ్మాస్టరు కలం తీశాడు. అరమార్కు మాస్టారు కాగితం ఇవ్వలేదు. తను మార్కులు వేసింది గొంతులకి గాని మనుషులకి కాదనీ, అలా వెయ్యమని ఈ బడి వాళ్ళే పద్ధతి పెట్టారనీ అన్నారు. నాలుగో గొంతుకి అర మార్కు ఎందుకు తగ్గించారో చెప్పడం కూడా ఆ పద్ధతిలో భాగమే, అదింకా చెప్పలేదు అన్నారు. ఆ గొంతు ఎవరిదో చెయ్యెత్తమన్నారు.

పెద్దమ్మకి చెయ్యి భుజం పైకి లేవదు. లేచినంత ఎత్తింది.

మాస్టారు లేచి నిలబడ్డారు. పెద్దవాళ్ళ ముందు కూర్చుని మార్కుల మాట చెప్పకూడదని ఆయనకి తోచింది. "అమ్మా, అందరి మాటా విన్నారు. అందరికీ జవాబు చెప్పారు. వెళ్ళాలా వద్దా అన్నదానికి మీరేమనుకుంటున్నారో మాత్రం చెప్పలేదు. పదిహేను నిమిషాలూ వెతికాను. ఒక్క వాక్యం తగ్గింది."

టైంకీపరు గడియారం చూసుకున్నాడు. రెండూ నలభై అయిదు. ఇప్పుడు లేస్తేనే బస్సు.

పెద్దమ్మ కొంగు సర్దుకుంది. "ఇప్పటికి నాలుగిళ్ళు వదిలాను బాబూ. ప్రతిసారీ ఎవరో ఒకరు అనేలోగానే లేచాను. గుమ్మం దాకా వచ్చి ఉండమంటారేమోనని ప్రతిసారీ చెప్పులు నెమ్మదిగా తొడుక్కున్నాను." గుమ్మం పక్కనున్న పెట్టె వైపు చూసింది. "నాకు ఈ ఇల్లు వదిలి వెళ్ళాలని లేదు."

"ఒక వాక్యం అడిగితే నాలుగు చెప్పారు," అన్నారు మాస్టారు. "అయినా నేను ఇవ్వగలిగింది అర మార్కే." జేబులోంచి కలం తీసి, కాగితం మీద పందొమ్మిదిన్నర కొట్టేసి ఇరవై అని రాసి సంతకం పెట్టారు. ముప్పై ఒక్కేళ్ళలో మొదటిసారి కాబట్టి, సున్నా గుండ్రంగా వచ్చిందో లేదో రెండుసార్లు చూసుకున్నారు.

టీచరు వేదిక దిగి వచ్చి మొగుడి ముందు నిలబడింది. "ఆ బీరువా ఎవరికి చేయిస్తున్నారు?"

హాల్లో అందరూ, ఆవిడతో సహా, జవాబు కోసం ఆగారు. అలా ఆగడం ఆవిడకి ఎంత కష్టమో రెండో గొంతు విన్నవాళ్ళందరికీ తెలుసు.

"పెద్దమ్మకి," అన్నాడు టైంకీపరు. "చెయ్యి పైకి లేవదు కదా. అరలన్నీ నడుము దాటకుండా పెట్టమన్నాను."

"మరి వెళ్తానందిగా. చేయించడం ఎందుకు ఆపలేదు?" ఈసారి కూడా ఆవిడ ఆగింది.

టైంకీపరు జేబులోంచి కొలత రాసుకున్న చిన్న పుస్తకం తీసి, మళ్ళీ లోపల పెట్టేశాడు. "తిరుగు బస్సు కూడా ఉంటుంది కదా అని."

ఆ మాట ఆయన ఒక్కసారే చెప్పాడు.

కూతురు అప్పటికే గుమ్మం దగ్గరికి వెళ్ళి పెట్టె మీద కూర్చుంది, ఎవరైనా తీసుకెళ్ళాలంటే ముందు తనని లేపాలని. ఎవరూ లేపలేదు. కాసేపటికి బడి ముందు రోడ్డు మీద మూడింటి బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. టైంకీపరు అలవాటుగా గడియారం చూసి, రెండు నిమిషాలు లేటు అన్నాడు గాని లేవలేదు. హెడ్మాస్టరు ఏం చెయ్యాలో తోచక చేతిలో ఉన్న కప్పు ఎవరికివ్వాలని మాస్టారిని అడిగాడు. గుసగుస లేచి దాన్ని తీసుకుని, నడిచి వెళ్ళి పెద్దమ్మ ఒళ్ళో పెట్టింది. పెద్దమ్మ దాన్ని తిప్పి లాంగ్ జంప్ అని కూడబలుక్కుని చదివి, ఈ వయసులో నా చేత ఇది కూడా చేయించారా అంది.

సోమవారం నాలుగో గుంపు మళ్ళీ కూర్చుని కథ గురించే మాట్లాడింది. మొదటి గొంతు గుసగుసది. ఆమెకి పదిహేడున్నర వచ్చింది, మరీ గట్టిగా మాట్లాడినందుకు అర మార్కు పోయింది. బుధవారం బీరువా వచ్చి ఆరడుగుల మూడంగుళాల గోడకి సరిగ్గా అమరింది. కప్పు నడుము ఎత్తు అరలో, అక్షరాలు బయటికి కనపడేలా ఉంది.

తన రెండు మార్కులూ మరీ తక్కువని టైంకీపరు రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోగా, అరమార్కు మాస్టారు రికార్డింగు మొదటినుంచీ శ్రద్ధగా మళ్ళీ విని, అర మార్కు తగ్గించారు.